పద్దు పుస్తకములో లేని పేరు

(బి.కాం. తృతీయ సంవత్సర విద్యార్థిని)

ఆరోగ్యమే మహాభాగ్యమని పెద్దలన్నారు. భాగ్యము లేనివారు ఆ ఆరోగ్యమును సంపాదించుకొనుటకు ఎంత ఖర్చవుతుందో మాత్రము ఎవరూ లెక్క వేసి చెప్పలేదు. ఆ లెక్క మా ఇంట్లో నేను వేయవలసి వచ్చినది. వాణిజ్యశాస్త్రము చదువుతున్న దానను కాబట్టి జమాఖర్చులంటే నాకు భయము లేదు. తరగతిలో ఒక లెక్క చేసి, రెండు వైపులా మొత్తములు సరిపోయినప్పుడు కలిగే ఆనందము నాకు బాగా తెలుసు. కాని రెండు వైపులా సరిపోయిన లెక్క కూడ తప్పు కావచ్చునని నాకు మా వంటగది నేర్పినది. ఈ పత్రిక చదివే విద్యార్థి మిత్రులలో చాలమంది నావలెనే చిన్న ఆదాయముగల ఇండ్ల నుండి వచ్చినవారే. అందుచేత ఇంటి గుట్టు అనుకొని దాచుకొనక, ఈ అనుభవమును వ్రాయుటకు సాహసిస్తున్నాను.

మాది కర్నూలు పాతనగరము. మా నాన్నగారు దర్జీ. ఇంట్లో మేము అబ్బా అని పిలుస్తాము. ముప్పది యేండ్లుగా కుట్టుమిషను ముందు కూర్చొని పనిచేస్తున్నారు. మా అమ్మగారు, అంటే మా అమ్మీ, ఇరుగుపొరుగు స్త్రీల చీరలకు ఫాల్సు కుట్టి, అంచులు వేసి ఇస్తుంది. మా దాదీ, ఇంటర్మీడియెట్ చదువుతున్న తమ్ముడు, నేను కలిసి ఐదుగురము. ఇద్దరి సంపాదన కలిపితే నెలకు ఇరవై రెండు వేల రూపాయలకు అటు ఇటుగా ఉండేది. అందులో ఇంటి అద్దె 5,000. నా పై చదువు కొరకు అమ్మీ కట్టే చీటీ 2,000. తిండికి, గ్యాసుకు కలిపి 2023 మే నెలలో మేము చేసిన ఖర్చు 9,330 రూపాయలు. మిగిలినది కరెంటు, ఫీజులు, మందులు, పెట్టుబోతలకు సరిపోయి సరిపోక గడిచేది.

ఆ మే నెలలోనే అబ్బాకు మధుమేహమున్నదని తేలినది. వైద్యుడు మాత్రలు వ్రాసి, రోజూ నడవమని, చక్కెర మాని అన్నము తగ్గించమని, కూరగాయలు ఎక్కువగా తినమని చెప్పి పంపినాడు. ఆ మాట అంతటితో ఆగి ఉంటే ఈ వ్యాసము ఉండేది కాదు. ప్రకృతి చికిత్స శిబిరమునకు వెళ్లి వచ్చిన అబ్బా మిత్రుడొకరు నాలుగైదు చిన్న పుస్తకములు తెచ్చి ఇచ్చినారు. నిప్పు తగిలిన తిండిలో జీవము చచ్చిపోతుందని, రసాయనములు వేసి పండించినదంతా విషమని వాటి సారాంశము. అబ్బా ఏ పనినీ సగము చేసి వదిలేవారు కారు. చొక్కాకు లోపలి కుట్టు కూడ బయటి కుట్టువలెనే ఉండవలెనంటారు. జూలై ఒకటవ తేదీ నుండి మా ఇంట్లో తిండిలో మూడింట రెండు వంతులు పచ్చిదే ఉండవలెనని, కొన్నదంతా సేంద్రియమే కావలెనని నిర్ణయించినారు. తన ఒక్కరి కొరకు వేరుగా కొనుక్కొని తినుట న్యాయము కాదని, అందరికీ అదే భోజనమని కూడ అన్నారు. ఆ మాటలోని మంచితనమును నేను ఇప్పటికీ కాదనలేను.

ఆ నెల మా ఇంటి దినచర్య మారిపోయినది. ఉదయము మొలకెత్తిన పెసలు, గోధుమలు, నిమ్మరసము, తేనె. మధ్యాహ్నము కీరదోస, క్యారెట్, బీట్రూటు, పచ్చికొబ్బరి తురుము, ఒక జొన్నరొట్టె. రాత్రి పండ్లు, నానబెట్టిన బాదములు, కొంచెము అన్నము. దాదీకి పళ్లు లేవు. ఆమెకు అన్నీ తురిమి పెట్టేవారము. నాలుగవ రోజున ఆమె గిన్నె ముందుకు నెట్టి, "ఈ వయసులో నన్ను మేకను చేస్తిరి గదా!" అన్నది. తమ్ముడు ఇంట్లో మారుమాట లేకుండా తిని, సాయంత్రము బజారులో పఫ్ తిని వచ్చేవాడు. నాకు మాత్రము ఆ తిండి నచ్చినది. మొలకల కమ్మదనము, కొబ్బరి తీపి, పుదీన వాసన అన్నీ కొత్తగా ఉండేవి. పాత్రలు తోముట తగ్గినది. ముప్పది రోజులకే అయిపోయే గ్యాసు సిలిండరు నలుబది అయిదు రోజులు వచ్చినది.

నెలాఖరున అబ్బా రసీదులన్నీ నా ముందు పెట్టి, "నీవు వాణిజ్యము చదువుతున్నావు గదా బేటీ, మొత్తము ఎంతయిందో చూడు" అన్నారు. చూశాను. సేంద్రియ దుకాణములో కొన్న కూరగాయలు, ఆకుకూరలు 3,600. ఆపిల్, కివి మొదలైన పండ్లు 1,900. బియ్యము, జొన్నలు, గోధుమలు 1,900. పాలు 1,650. మొలకల గింజలు 1,300. బాదము కిలో 900. గానుగ నూనె రెండు లీటర్లు 700. తేనె 600. కొబ్బరి 250. పోపు దినుసులు, టీపొడి 300. గ్యాసు నెలకు వచ్చే వంతు 750. వెరసి 13,850 రూపాయలు. మే నెలకంటె 4,520 ఎక్కువ. అది టమాటా కిలో నూరు రూపాయలు దాటిన జూలై నెల అన్న మాట నిజమే. కాని టమాటా ఒక్కదాని మీద నెపము పెట్టుటకు వీలులేదు. ఆ నెల చీటీ కట్టలేదు. అమ్మీ అడగలేదు, నేను అడిగే ధైర్యము చేయలేదు.

ఈ భోజనమును ఇంతకు ముందు ఎవరైనా లెక్క కట్టినారా అని మన కళాశాల గ్రంథాలయములో వెదికినాను. గాంధీజీ రచనల సంపుటములలో నాకు కావలసినది దొరికినది. ఆయన 1893లోనే ప్రిటోరియాలో ఉండగా వండని తిండి ప్రయోగము చేసి, కొద్ది దినములకే మానుకొన్నారట. తిరిగి 1929లో ఆంధ్రదేశ పర్యటనకు వచ్చినప్పుడు, రాజమహేంద్రవరములో ప్రకృతి చికిత్స చేయుచుండిన సుందరం గోపాలరావు గారిని కలిసికొని, ఆయన ప్రోత్సాహముతో మళ్లీ మొదలుపెట్టినారు. రోజుకు ఏమేమి తినునో 'యంగ్ ఇండియా' పత్రికలో తులములతో సహా వ్రాసినారు. మొలకెత్తిన గోధుమలు ఎనిమిది తులములు, బాదము ముద్ద ఎనిమిది తులములు, నూరిన ఆకుకూర ఎనిమిది తులములు, ఆరు నిమ్మకాయలు, రెండు ఔన్సుల తేనె. లండనులో విద్యార్థిగా ఉన్నప్పుడు ప్రతి చిల్లికాసుకు పద్దు వ్రాసి, రాత్రి పడుకొనే ముందు నిల్వ తేల్చుకొన్న మనిషి ఆయన. అందుచేత ఆయన కొలతలను మా ఇంటి ధరలతో గుణించి చూశాను. ఎనిమిది తులములంటే సుమారు 93 గ్రాములు. ఆ లెక్కన ఒక మనిషికి నెలకు బాదము 2,500 రూపాయలు, తేనె ఇంకొక 1,000. ఐదుగురికి ఈ రెండింటికే పదునేడు వేలు దాటుతుంది. ఆ ప్రయోగము ఆయనకు కూడ నిలువలేదు. ఆరోగ్యము దెబ్బతినగా ఆ సంవత్సరము ఆగస్టులోనే విరమించి, విరమించిన సంగతిని కూడ పత్రికలో దాచకుండ ప్రకటించినారు. ప్రయోగము చేయుటకంటె దాని వైఫల్యమును లోకమునకు చెప్పుట కష్టమని నాకు తోచినది.

అదే గ్రంథాలయములో హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ ప్రచురించిన ఆహార విలువల పట్టికలు ఉన్నవి. ఏ పదార్థము నూరు గ్రాములలో ఎన్ని కేలరీల శక్తి ఉన్నదో అందులో ఉంటుంది. బియ్యము 345. వేరుశనగ 567. బాదము 655. టమాటా 20. కీరదోస 13 మాత్రమే. నేను ఒక కాగితము తీసికొని, మా ఇంట్లో ఒక్కొక్క రూపాయికి ఎంత శక్తి వచ్చినదో లెక్క కట్టినాను. కిలో 50 రూపాయల బియ్యములో రూపాయికి 69 కేలరీలు. కిలో 140 రూపాయల వేరుశనగలో 40. తొమ్మిది వందల బాదములో ఏడు. నలుబది రూపాయల కీరదోసలో మూడు. కీరదోసలో సారము లేదని నా భావము కాదు. దానిలోని నీరు, పీచు, లవణములు శరీరమునకు అవసరమే. కాని మనిషి రోజంతా పనిచేయుటకు కావలసిన శక్తిని కీరదోసతో కొనబోతే, మా అబ్బా సంపాదన సరిపోదు.

ఇక రెండు నెలల పద్దులను శక్తి లెక్కలోనికి మార్చినాను. మే నెలలో ఇంటికి వచ్చిన సరుకంతా కలిపితే రోజుకు సుమారు 8,900 కేలరీలు. జూలైలో 7,000. నాలుగున్నర వేలు ఎక్కువ ఖర్చుపెట్టి, దాదాపు రెండు వేల కేలరీలు తక్కువ కొన్నాము. రెండు వేలంటే ఒక మనిషి దినభోజనము. ఐదుగురున్న ఇంటికి మేము నాలుగు పొట్టల తిండి తెచ్చినామన్న మాట. ఎక్కడో తప్పు చేశాననుకొని మళ్లీ కూడినాను. అదే వచ్చినది. అబ్బా కొంత చిక్కినారు, అది వైద్యుడు కోరినదే. తమ్ముడు బయట తింటున్నాడు. దాదీకి పాలు, రొట్టె మామూలుగానే పెడుతున్నాము. నాకు ఆకలి తెలియలేదు. మరి ఈ లోటు ఎవరి కడుపులో పడినది?

ఆ తరువాత మూడు రోజులు నేను ఎవరికీ చెప్పకుండ, ఎవరు ఏమి తిన్నారో ఒక కాగితము మీద వ్రాసినాను. అయిదు గడులు గీసినాను. నాలుగు గడులు నిండినవి. అయిదవ గడిలో మొదటి రోజు టీ, సద్దన్నము నాలుగు ముద్దలు, దాదీ వదిలిన క్యారెట్ తురుము. రెండవ రోజు టీ, సగము జొన్నరొట్టె, ఒక ఉల్లిగడ్డ. మూడవ రోజు కూడ అంతే. అమ్మీ అందరికీ వడ్డించి చివర కూర్చునేది. అప్పటికి పళ్లెములో ఉన్నదే ఆమె భోజనము. పండ్లు కోసేటప్పుడు టెంకలకు, తొక్కలకు అంటుకొన్నది ఆమె వాటా. బాదములు లెక్క ప్రకారము ఐదుగురికి నానబెట్టి, తన వాటాను మరునాటికి అబ్బా గిన్నెలో వేసేది.

మూడవ రాత్రి ఆమె ఒక్కతే వంటగదిలో ఉన్నప్పుడు ఆ కాగితము చూపించినాను. అమ్మీ చదివి నవ్వినది. "ఆ పండ్లు, బాదములు మీ అబ్బాకు మందు. మందులో వాటా అడుగుతారా ఎవరైనా?" అన్నది. "అందరికీ అని అబ్బా చెప్పినారు గదా అమ్మీ" అంటే, "ఆయన చెప్పినారు. ధర మాత్రము రసీదు మీద ఉన్నది గదా" అన్నది. ఇంకొక మాట కూడ అన్నది. చీటీ రెండు నెలలు తప్పితే చీటీ నడిపేవారు ఊరుకోరని, తన తిండిలో మిగిలితే వచ్చే నెలకైనా కట్టవచ్చునని. అంటే నా చదువు కొరకు కట్టే చీటీ ఆమె పళ్లెములో నుండి పోవుచున్నది. నేను ఎంతో చక్కగా కూడిన పద్దు పుస్తకములో ఆమె పేరు ఎక్కడా లేదు. ఖర్చు వైపున సరుకుల పేర్లున్నవి, జమ వైపున సంపాదన ఉన్నది. అన్నిటికంటె చవుకగా దొరికినది ఆమె ఆకలి. దానికి రసీదు ఉండదు.

నేను ఈ సంగతి అబ్బాకు చెప్పవలెనా వద్దా అని ఒక రోజు తటపటాయించినాను. ఆ తటపటాయింపుకు ఇప్పటికీ సిగ్గుపడుతున్నాను. మరునాడు మేడమెట్ల మీద బట్టలు తెస్తూ అమ్మీ కళ్లు తిరిగి కూలబడినది. ఆసుపత్రిలో పరీక్ష చేస్తే రక్తములో హీమోగ్లోబిను 8.2 ఉన్నది. స్త్రీలకు పన్నెండుకు తగ్గకుండ ఉండవలెను. ఈ రక్తలేమి ఒక్క నెలలో వచ్చినది కాదని, చాలకాలముగా ఉన్నదే తిండి తగ్గుటతో బయటపడినదని వైద్యురాలు చెప్పినది. ఇనుము మాత్రలు వ్రాసి, "ఇంట్లో మీరు చివర తింటారా?" అని అడిగినది. అమ్మీ జవాబు చెప్పలేదు.

ఆ రాత్రి నా కాగితములు అబ్బా ముందు పెట్టినాను. ఆయన ఇంగ్లీషు అంకెలు నింపాదిగా చదివినారు. అయిదు గడుల కాగితము చాలసేపు చేతిలో పట్టుకొన్నారు. చివరకు, "కొలత తీసుకోకుండ కత్తెర పెట్టినాను బేటీ" అన్నారు. అంతకు మించి ఏమీ అనలేదు. దర్జీ నోటి నుండి అంతకంటె పెద్ద ఒప్పుకోలు రాదు.

ఆగస్టు చివరి వారములో మేము ఐదుగురము కూర్చొని కొత్త పద్ధతి ఏర్పరచుకొన్నాము. పచ్చి తిండిని మానలేదు. అబ్బాకు అది మేలు చేస్తున్నదని వైద్యుడే అన్నాడు. కాని లెక్కను మొదట మనుషుల నుండి మొదలుపెట్టినాము. ఎవరికి ఎంత శక్తి కావలెనో తేల్చి, దానికి సరిపడు ధాన్యము, పప్పు, నూనె, పాలు ముందుగా కొన్నాము. తరువాతనే పండ్లు, కూరలు. పూటకు ఒక పళ్లెము పచ్చిది, దాని పక్కన వండినది. ఇది తప్పనిసరి నియమము.

రెండవది, బాదము స్థానములో వేరుశనగ వచ్చినది. మా జిల్లా పొలములలో పండే శనక్కాయలను వదలి ఎక్కడి నుండో వచ్చే బాదములను తినుట మా దాదీకి మొదటి నుండి వింతగానే ఉండేది. పట్టికలు చూస్తే ఆమె మాటే నిజము. మాంసకృత్తులు వేరుశనగలోనే ఎక్కువ. బూజు పట్టినవి, ముడుచుకొన్నవి మాత్రము ఏరి పారవేయవలెను. అట్లే ఆపిల్ పోయి జామ వచ్చినది. 'సి' విటమిను జామలో నూరు గ్రాములకు రెండు వందల మిల్లీగ్రాములకు పైన ఉంటే, ఆపిల్లో ఒకటి. సెప్టెంబరు, అక్టోబరులలో సీతాఫలము, శీతకాలములో రేగుపండ్లు, ఉసిరి, వేసవిలో కర్బూజ. తీపి పండ్లు అబ్బాకు కొలతగానే ఇస్తాము. ఏ కాలపు పండు ఆ కాలములో తింటే సగము ఖర్చు తగ్గుతుంది.

మూడవది సేంద్రియము గూర్చినది. అన్నీ సేంద్రియముగా కొను శక్తి మాకు లేదు. అందుచేత దేనికి ఎక్కువ అవసరమో విచారించినాము. అరటి, బొప్పాయి, కొబ్బరి వంటివి తొక్క తీసి తింటాము. వంకాయ, బెండకాయ వండుతాము. పచ్చిగా, తొక్క తీయకుండ తినేవి ఆకుకూరలు, కొత్తిమీర, పుదీన, టమాటా, కీరదోస. మా సేంద్రియపు డబ్బంతా వీటికే కేటాయించినాము. దుకాణములలో అమ్మే పొట్లముల మీద ప్రభుత్వపు ముద్ర ఉంటుంది. మన దేశములో సేంద్రియ ధ్రువీకరణ పద్ధతి 2001లో ఏర్పడినది. ఆ ముద్రకు, ఆ పొట్లమునకు, ఆ దుకాణపు అద్దెకు అయ్యే ఖర్చు ధరలో కలుస్తుంది. తన పంటను తానే నేరుగా అమ్ముకొనే చిన్న రైతుకు ఆ ముద్ర తప్పనిసరి కాదని 2017 నాటి నిబంధనలలో ఉన్నది. ఇది తెలిసిన తరువాత మేము దుకాణము విడిచి రైతుబజారుకు వెళ్లినాము.

రైతుబజారులు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్లో 1999లో మొదలైనవి. రైతు తెచ్చినది రైతే అమ్ముకొనుట వాటి ఉద్దేశము. మా కర్నూలులో సి.క్యాంపు రైతుబజారు ప్రసిద్ధము. అక్కడ ఉదయమే పల్లె నుండి ఆకుకూరలు తెచ్చే ఒక పెద్దమ్మ పరిచయమైనది. మన రాష్ట్రములో 2016 నుండి సాగుతున్న ప్రకృతి వ్యవసాయము నేర్చుకొన్నవారిలో ఆమె ఒకతె. "పెద్దమ్మా, దీనికి మందు కొట్టలేదని ఎట్లా నమ్మేది?" అని అడిగినాను. "పురుగు తిన్న ఆకులు చూడు పాపా. నాకంటె ముందు అదే నమ్మింది" అన్నది. పురుగు తిన్నంత మాత్రమున మందు లేనట్లు కాదని తరువాత తెలిసికొన్నాను. కాని ఆవుపేడ, మూత్రము, బెల్లము, శనగపిండి కలిపి జీవామృతము ఎట్లా చేయునో ఆమె కొలతలతో చెప్పిన తీరు, తన చేను చూచిపొమ్మని పిలిచిన తీరు నాకు నమ్మకము కలిగించినవి. తమ్ముడు, నేను ఒక ఆదివారము వెళ్లి చూచి వచ్చినాము. దుకాణపు ధరలో సగమునకంటె తక్కువకు ఆమె ఆకుకూరలు మాకు వస్తున్నవి. ఆమెకు దళారికి అమ్మినదానికంటె ఎక్కువ వస్తున్నది.

నాలుగవది, ఏది పచ్చిగా తినకూడదో కూడ నేర్చుకొన్నాము. రాజ్మా గింజలు వండక తింటే విషతుల్యము. క్యారెట్లోని మంచి గుణము కొంచెము నూనెలో వేయిస్తే మరింత బాగా ఒంటబడుతుంది. పచ్చి ఆకులను పారే నీటిలో రెండు మూడు మార్లు కడుగనిదే పళ్లెములోనికి రానీయము. కర్నూలు ఎండలకు మొలకలు ఒక పూటలోనే పులిసిపోతాయి. కాబట్టి వేసవిలో రెండు పూటలకు సరిపడు గింజలు ఒకేసారి నానబెట్టము. మేడమీద పాత తొట్లలో మెంతికూర వేసి చూశాము. చలికాలములో బాగా వచ్చినది. మే నెలలో మాడిపోయినది. అది కూడ పద్దులో వ్రాసినాను.

సెప్టెంబరు ఆఖరున మొత్తము చూస్తే 9,810 రూపాయలు. మే నెలకంటె 480 మాత్రమే ఎక్కువ. టమాటా ధర పడిపోవుట, ఆగస్టు ఆఖరున గ్యాసు సిలిండరు మీద రెండు వందలు తగ్గుట కూడ మాకు కలిసి వచ్చినవని ఒప్పుకొనవలెను. నెలకు రెండు మార్లు తెచ్చే మాంసము ఒక మారుకు తగ్గినది. గుడ్లు మాత్రము మామూలే. ఇంటికి వచ్చిన శక్తి తిరిగి రోజుకు 8,700 కేలరీలకు చేరినది. చీటీ మళ్లీ కట్టినాము. తప్పిన నెలల బాకీని అబ్బా పండుగ బట్టల గిరాకీ ఉన్న రోజులలో రాత్రులు కుట్టి తీర్చినారు. ఆయన చక్కెర అదుపులో ఉన్నది. మాత్రలు మానలేదు, నడక మానలేదు, పచ్చి పళ్లెము మానలేదు. ఈ మూటిలో దేని వలన ఎంత మేలు కలిగినదో విడదీసి చెప్పలేమని వైద్యుడన్నాడు. నేను కూడ చెప్పను. అమ్మీ హీమోగ్లోబిను నాలుగు నెలలకు పదకొండు దాటినది. వైద్యురాలు ఇచ్చిన మాత్రలతో పాటు, ఆమె అందరితో కలిసి కూర్చొని తినుట కూడ అందుకు కారణమని మా దాదీ వాదము.

కూర్చొని తినుట అంత సులభముగా జరుగలేదు. మొదటి వారములో అమ్మీ ఏదో ఒక నెపముతో లేచిపోయేది. అప్పుడు అబ్బా ఒక పని చేసినారు. అందరి పళ్లెములు తానే వడ్డించి, ఆమె చేయి కడుగనిదే తాను ముద్ద ముట్టనని కూర్చున్నారు. మధుమేహ రోగిని ఆకలితో కూర్చోబెట్టరాదు గనుక అమ్మీ ఓడిపోయినది. ఇప్పుడది అలవాటయినది.

విద్యార్థి మిత్రులారా, పచ్చి కూరలు మంచివా, వండినవి మంచివా, సేంద్రియము కొనవలెనా, వద్దా అన్న వాదములు మన ఇండ్లలో ఇప్పుడు జరుగుతూనే ఉన్నవి. ఆ వాదములలో తీర్పు చెప్పు యోగ్యత నాకు లేదు. నేను విన్నవించుకొనేది ఒక్కటే. మీ ఇంట్లో కొత్త తిండి ఏది మొదలైనా, దాని ధర ఎంతని మాత్రమే అడిగి ఊరుకొనవద్దు. దానివలన ఎవరి పళ్లెము తగ్గినదో ఒక మూడు రోజులు గమనించండి. ముఖ్యముగా చివర కూర్చునే వారి పళ్లెమును గమనించండి. ఇందుకు వాణిజ్యశాస్త్రము చదువనవసరము లేదు.

మా పద్దు పుస్తకములో ఇప్పుడు ప్రతి నెల మొత్తముల క్రింద అయిదు పేర్లు ఉంటవి. ఎడమవైపు నుండి నేను తెలుగులో సరుకుల లెక్క వ్రాస్తాను. కుడివైపు నుండి అమ్మీ ఉర్దూలో ఎవరు ఏమి తిన్నారో వ్రాస్తుంది. మొదట్లో తన పేరు వ్రాయుట మరచిపోయేది. నేను పుస్తకము తిరిగి ఆమె ముందు పెట్టేదానిని. ఈ వ్యాసము వ్రాయుటకు నిన్న రాత్రి పుస్తకము తెరిచినప్పుడు, ఆమె పేరు అయిదవది కాదు, మొదటిదిగా ఉన్నది. దాని ఎదుట ఆమె చేతివ్రాతలో ఒక జామపండు, పూర్తిగా, అని ఉన్నది.